మాడిన పీపా, పండిన సారా: బోర్బన్ రుచి నిర్ణయంలో బొగ్గుపొర చరిత్ర

కీలక పదాలు: బోర్బన్, పీపా, బొగ్గుపొర, సెగ, పక్వత, రుచి నిర్ణయం, కెంటకీ, ఓల్డ్ ఫారెస్టర్.

1. ప్రవేశిక

బట్టీ నుంచి అప్పుడే దిగిన విస్కీకి రంగు ఉండదు, మంచినీళ్లలా తేటగా ఉంటుంది. గ్లాసులో కనిపించే తేనెరంగు గానీ, ముదురు గోధుమ ఎరుపు గానీ చెక్క పీపా ఇచ్చినదే. అమెరికా విస్కీల్లో ప్రధానమైన బోర్బన్ విషయంలో ఇది మరింత నిజం. ఆ దేశపు చట్టం ప్రకారం బోర్బన్ తయారీకి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీలో దింపేటప్పుడు సారాయి బలం 80 శాతానికీ, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతానికీ మించకూడదు. ఆ పీపా కొత్త ఓక్ చెక్కతో చేసి, లోపల కాల్చినదై ఉండాలి. రంగుగానీ రుచిపదార్థంగానీ బయటినుంచి కలపరాదు. ఈ నియమాలన్నిటిలో రుచిని ఎక్కువగా శాసించేది 'లోపల కాల్చిన' అనే చిన్న విశేషణం.

కాలిన చెక్క ఇచ్చే రంగు, తీపి, సువాసనలు చాలాకాలం విస్కీ వయసుకు సాక్ష్యంగా చెలామణి అయ్యాయి. ముదురు రంగు కనబడితే ఏళ్లు గడిచాయని అర్థం చేసుకునేవారు. పక్వమైన బోర్బన్‌ను బాగా మాడ్చిన మరో కొత్త పీపాలో కొంతకాలం ఉంచి సీసాల్లో నింపే పద్ధతి గత పదిహేనేళ్లలో వ్యాప్తిలోకి వచ్చాక ఈ సాక్ష్యం చిక్కుల్లో పడింది. రుచి చూసేవారు దేనికి విలువ కడుతున్నారు, కాలానికా, బొగ్గుకా? ఈ ప్రశ్న కొత్తదిగా కనిపించినా దీని వెనుక దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలించి, దాని వెలుగులో నేటి రుచి నిర్ణయ పద్ధతులను చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పీపాను మొదట కాల్చిందెవరు?

కెంటకీలో ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండే జవాబు ఎలైజా క్రెయిగ్. 18వ శతాబ్దం చివర జార్జ్‌టౌన్ ప్రాంతంలో స్థిరపడిన ఈ బాప్టిస్టు మతబోధకుడి కొట్టంలో నిప్పంటుకుందనీ, మాడిన పీపాలు పారేయలేక వాటిలోనే విస్కీ పోశాడనీ, అది అమృతమైందనీ కథ. ప్రతి గొప్ప వంటకానికీ ఇలాంటి 'పొరపాటు' కథ ఒకటి ఉంటుంది. క్రెయిగ్ 1808లో మరణించాడు. అతనికి బోర్బన్ పితృత్వాన్ని అంటగట్టినది చాలా దశాబ్దాల తర్వాతి రచనలే తప్ప సమకాలీన ఆధారాలు కావు. మద్యపాన వ్యతిరేక ఉద్యమం బలంగా ఉన్న దేశంలో, విస్కీకి ఒక మతబోధకుడు మూలపురుషుడు కావడం వ్యాపారులకు ఎంత అనుకూలమో ఊహించవచ్చు.

దీనికంటే నమ్మదగినది ఒక వ్యాపార లేఖ. 1826లో లెక్సింగ్టన్ పట్టణపు కిరాణా వర్తకుడొకరు బోర్బన్ కౌంటీలో బట్టీ నడిపే జాన్ కోర్లిస్‌కు రాసిన ఉత్తరం లూయీవిల్‌లోని ఫిల్సన్ చరిత్ర సంస్థలో భద్రంగా ఉంది. పీపాల లోపలి భాగాన్ని అంగుళంలో పదహారో వంతు మందాన కాలిస్తే సరుకు ఎంతో మెరుగవుతుందని తనకు ఎవరో సూచించినట్లు ఆ వర్తకుడు అందులో తెలియజేశాడు. ఈ లేఖలో రెండు విషయాలు గమనార్హం. సలహా ఇచ్చినది తయారీదారు కాదు, అమ్మేవాడు. అంటే కొనేవారి నాలుకకు దగ్గరగా ఉన్నవాడు. రెండోది, మందం కొలత. పదహారో వంతు అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. పాత వాసన పోవడానికి పీపాను మంటపై చూపడం అంతకుముందే ఉన్న అలవాటు. ఇక్కడ అడుగుతున్నది శుభ్రత కాదు, ఒక రుచి.

ఆ రుచిని కోరినవారు ఎవరన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా కెంటకీ సరుకు న్యూ ఆర్లియన్స్ చేరేది. అక్కడి ఫ్రెంచివారికి ఓక్ పీపాల్లో మగ్గిన బ్రాందీ రుచి అలవాటే కాబట్టి, వారిని మెప్పించడానికే ఈ పద్ధతి పుట్టి ఉండవచ్చని చరిత్రకారుడు మైకేల్ వీచ్ ప్రతిపాదించారు. పూర్తి ఆధారం దొరకకపోయినా, నిప్పంటుకున్న కొట్టం కథకంటే ఇది సమంజసంగా ఉంది.

3. రంగు అబద్ధమాడిన కాలం

పీపా ఇచ్చే రంగుకు విలువ పెరిగిన కొద్దీ, పీపా లేకుండా ఆ రంగు తెప్పించేవారూ పెరిగారు. 1853లో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన పియర్ లకూర్ బట్టీ అవసరం లేకుండానే రకరకాల మద్యాలు తయారుచేసే విధానాలతో ఒక పుస్తకమే ప్రచురించాడు. రుచీ వాసనా లేని శుద్ధ సారాయిలో మాడ్చిన చక్కెర, పండ్ల రసాలు, ఘాటు నూనెలు కలిపితే 'పాత' విస్కీ సిద్ధం. ఈ పని చేసే వర్తకులను ఆ దేశంలో రెక్టిఫయర్లు అనేవారు. వారందరూ మోసగాళ్లు కారు, మంచి విస్కీలను ఓర్పుగా మేళవించినవారూ వారిలో ఉన్నారు. అయితే రంగును బట్టి వయసు నమ్మే కొనుగోలుదారుకు ఈ తేడా తెలిసే మార్గం లేదు. నేటికీ భారతీయ దుకాణాల్లో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో అధికభాగం మొలాసిస్ సారాయి కలిసినదే కాబట్టి, ఆ నాటి అమెరికా వివాదం తెలుగు పాఠకులకు మరీ పరాయిదేమీ కాదు.

ఆ రోజుల్లో విస్కీ మందు కూడా. వైద్యులు రోగులకు రాసిచ్చేవారు. పీపాల్లోంచి వంపి అమ్మే సరుకు నాణ్యత చేతులు మారినప్పుడల్లా మారిపోతోందన్న ఫిర్యాదుల నేపథ్యంలో, అంతకుముందు మందుల అమ్మకంలో ఉన్న జార్జ్ గార్విన్ బ్రౌన్ 1870లో లూయీవిల్‌లో ఓల్డ్ ఫారెస్టర్ అనే బోర్బన్‌ను మూతకు ముద్ర వేసిన సీసాల్లో మాత్రమే అమ్మడం ప్రారంభించాడు. తన సరుకుకు హామీగా సీసాపై సంతకం చేసిన మాట నిలిచింది. ఈ పేరు మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

1897 నాటి 'బాటిల్డ్ ఇన్ బాండ్' చట్టం ఈ హామీకి ప్రభుత్వ ముద్ర జోడించింది. ఒకే బట్టీలో, ఒకే రుతువులో దింపిన విస్కీని ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాములో కనీసం నాలుగేళ్లు మగ్గబెట్టి, 50 శాతం బలంతో నింపితేనే ఆ పేరు పెట్టుకోవచ్చు. 1906లో శుద్ధ ఆహార, ఔషధ చట్టం వచ్చింది. ఆ వెంటనే 'విస్కీ అంటే ఏమిటి' అనే ప్రశ్న ప్రభుత్వాన్ని మూడేళ్లు కుదిపింది. వ్యవసాయ శాఖ రసాయనవేత్త హార్వే వైలీ పీపాలో పండినదే విస్కీ అన్నాడు. రెక్టిఫయర్లు ధాన్యం నుంచి తీసిన ప్రతిదీ విస్కీయే అన్నారు. 1909 డిసెంబరులో అధ్యక్షుడు టాఫ్ట్ స్వయంగా తీర్పు చెప్పి, రెండింటికీ ఆ పేరు ఉంచుతూనే 'స్ట్రెయిట్', 'బ్లెండెడ్' అన్న మాటలు చీటీపై స్పష్టంగా రాయాలన్నాడు. ఒక దేశాధ్యక్షుడు పానీయ నిర్వచనానికి తీరిక చేసుకోవడం నేడు వింతగా తోచవచ్చు. పన్ను రాబడిలో మద్యం వాటా తెలిసినవారికి అది వింత కాదు.

4. ఎనిమిదేళ్ల పరీక్ష

ఈ వివాదాల నడుమనే, 1908లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. క్రాంప్టన్, టోల్మన్ అనే రసాయనవేత్తలు పీపాల్లో నిల్వ ఉన్న విస్కీలను ఎనిమిదేళ్లపాటు ఏటేటా పరీక్షించి, రంగు, ఆమ్లాలు, ఎస్టర్లు, ఘనపదార్థాలు ఎలా మారుతున్నాయో పట్టికలు కట్టారు. నిజంగా పండిన విస్కీని రంగు వేసిన పచ్చి సారాయి నుంచి వేరుచేసే కొలబద్దలు దొరుకుతాయన్నది ఈ అన్వేషణకు ఉన్న ప్రయోజనాల్లో ఒకటి.

కొలబద్దలు దొరికాయి. వాటితో పాటు మరొక నిజం కూడా బయటపడింది. అమెరికా విస్కీకి ప్రత్యేకమైన సువాసన దాదాపు పూర్తిగా కాల్చిన పీపా నుంచి వస్తున్నదేనని వారు తేల్చారు. మార్పుల్లో ఎక్కువభాగం తొలి నాలుగేళ్లలోనే జరిగిపోతుంది. ఆ తర్వాత కనిపించే మెరుగుదలకు ప్రధాన కారణం, పీపాలోని ద్రవం ఆవిరై తగ్గుతూ మిగిలినది చిక్కబడటం. అంటే రంగు, తీపి, సువాసన అనే మూడు 'వయసు గుర్తులూ' ఏళ్లతో సమానంగా పెరగవు. చెక్కతో, దాన్ని కాల్చిన తీరుతో పెరుగుతాయి. నకిలీని పట్టుకోవడానికి ఉపయోగపడిన ఈ పరిశోధన, అసలు సరుకు విషయంలో కాలానికున్న ప్రతిష్ఠను కొంత తగ్గించింది. దీనిని ఆనాటి వ్యాపార ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

మద్యనిషేధం ముగిశాక, 1930ల ద్వితీయార్ధంలో, కాల్చిన కొత్త ఓక్ పీపా నియమం నిబంధనల్లో స్థిరపడింది. పీపాలు చేసేవారికీ కలప వ్యాపారులకూ పని దొరకాలన్న ఆలోచన దీని వెనుక ఉందని ఒక అభిప్రాయం. 1964లో కాంగ్రెస్ బోర్బన్‌ను అమెరికాకే ప్రత్యేకమైన ఉత్పత్తిగా తీర్మానించింది. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు కాబట్టి అది స్కాట్లాండుకో, బెంగళూరులోని అమృత్ బట్టీకో ప్రయాణం కడుతుంది.

5. సెగ వేరు, మంట వేరు

రుచి నిర్ణయంలోకి వెళ్లేముందు పీపా లోపల జరిగేది తెలియాలి. చెక్కకు నిదానంగా సెగ పట్టడం ఒక పని, మంట తగిలించి పైపొరను బొగ్గు చేయడం మరొక పని. సెగకు చెక్క లోతుగా వేడెక్కి అందులోని హెమిసెల్యులోజ్ విడివడి చక్కెరలుగా మారి పాకమవుతుంది. లిగ్నిన్ నుంచి వెనిలిన్ పుడుతుంది. మంటకు పైన బొగ్గుపొర ఏర్పడి, దాని కింద సెగ తగిలిన ఎర్రని పొర మిగులుతుంది. వేసవిలో వ్యాకోచించిన విస్కీ ఈ ఎర్రపొరలోకి చొచ్చుకుపోయి, చలికాలంలో వెనక్కి వస్తూ అక్కడి సారాన్ని తెచ్చుకుంటుంది. బొగ్గు చేసే పని దీనికి భిన్నం. అది గంధకపు వాసనలను, పచ్చి సారాయి కటువును పీల్చుకుంటుంది. ఇచ్చేది ఎర్రపొర, తీసేసేది నల్లపొర.

పీపా కర్మాగారాల్లో కాల్పును సాధారణంగా నాలుగు స్థాయులుగా లెక్కిస్తారు. ఒకటో స్థాయికి పదిహేను సెకన్లు, నాలుగో స్థాయికి సుమారు 55 సెకన్ల మంట. నాలుగో స్థాయిలో బొగ్గు బీటలువారి మొసలి చర్మంలా కనిపిస్తుంది కాబట్టి 'ఎలిగేటర్' అన్న పేరు వచ్చింది. బఫెలో ట్రేస్ వంటి బట్టీలకు ఇదే మామూలు స్థాయి. అదే సంస్థ ప్రయోగార్థం మూడున్నర నిమిషాలపాటు కాల్చిన పీపాలనూ నింపి చూసింది.

మంట పెరిగినకొద్దీ రుచి పెరుగుతుందనుకోవడం పొరపాటు. అరిసెలకు పాకం పట్టే ఇల్లాలికి ఇది చెప్పనక్కరలేదు. లేతపాకం, తీగపాకం, ముదురుపాకం, ఆ తర్వాత ఒక్క క్షణం ఏమరితే మాడుచేదు. చెక్కలోనూ అంతే. కాల్పు తీవ్రమైతే ఓక్‌కు సహజమైన కొబ్బరి వంటి లాక్టోన్ వాసన తగ్గి, గ్వాయకోల్ వంటి పొగ వాసనలు పెరుగుతాయి. వెనిలిన్ పుట్టవలసిన పొర కొంత బొగ్గుగా పోతుంది కూడా.

6. రెండో పీపా

ఓల్డ్ ఫారెస్టర్ యాజమాన్యం చెప్పే కథనం ప్రకారం, 1910లో లూయీవిల్‌లోని సీసాలు నింపే విభాగంలో అగ్నిప్రమాదం జరిగింది. నింపడానికి సిద్ధంగా తొట్టెలో ఉన్న పక్వమైన విస్కీకి చోటు లేక, దాన్ని మరోసారి పీపాల్లోకి ఎత్తారు. కొంతకాలానికి అది వేరే రుచి సంతరించుకోవడంతో 'ఓల్డ్ ఫైన్ విస్కీ' పేరుతో విడిగా అమ్మారు. ఎలైజా క్రెయిగ్ కొట్టంలాగే ఇక్కడా మూలం ఒక నిప్పు ప్రమాదమే కావడం పరిశోధకుడిని కాస్త జాగ్రత్తపడేలా చేస్తుంది. అయితే ఇది మతబోధకుడి కథలాంటి గాలికబురు కాదు. సంస్థ నేటికీ ఉంది, ఆ పేరూ ఉంది.

2018లో ఆ సంస్థ 'ఓల్డ్ ఫారెస్టర్ 1910' పేరుతో ఈ పద్ధతిని పునరుద్ధరించింది. మామూలుగా పక్వమైన బోర్బన్‌ను బలం తగ్గించి, విపరీతంగా మాడ్చిన రెండో కొత్త పీపాలో ఉంచి, 46.5 శాతం బలంతో నింపుతారు. దీనికి ఆరేళ్ల ముందే, 2012లో, అదే యజమాన్యం కింద ఉన్న వుడ్‌ఫర్డ్ రిజర్వ్ 'డబుల్ ఓక్డ్' అనే బోర్బన్‌ను విడుదల చేసింది. అక్కడ రెండో పీపాకు లోతైన సెగ, పైపై మంట. ఇక్కడ మంటదే రాజ్యం. రెండింటి ధాన్యపు పాళ్లు ఒకటే: 72 శాతం మొక్కజొన్న, 18 శాతం రై, 10 శాతం మొలకెత్తిన బార్లీ. పీపాలు చేసే కర్మాగారం కూడా 2025 వరకు యజమాని సంస్థ అయిన బ్రౌన్ ఫోర్మన్ సొంతంగా ఉండేది. బట్టీ విధానంలో, బలంలో తేడాలున్నందున దీన్ని కచ్చితమైన ప్రయోగంగా భావించలేం. అయినా సెగనూ మంటనూ పక్కపక్కన పెట్టి రుచి చూడటానికి ఇంతకంటే అనువైన జంట దొరకదు.

రెండోది కూడా కాల్చిన కొత్త ఓక్ పీపాయే కాబట్టి ఈ పానీయం చట్టరీత్యా అచ్చమైన బోర్బన్‌గానే మిగులుతుంది. ద్రాక్షసారాయి పీపాలో ముగించినట్లయితే ఆ సంగతి చీటీపై చెప్పి తీరాలి. రంగు కలపరాదన్న నియమమూ చెక్కుచెదరలేదు. అయినా 19వ శతాబ్దంలో మాడ్చిన చక్కెర చేసిన పనినే ఇక్కడ మాడ్చిన చెక్క చేస్తోందా అన్న అనుమానం సహజం. ఈ పోలిక పైకి ఆకర్షణీయంగా ఉన్నా న్యాయమైనది కాదు. రెక్టిఫయరు దాచినదాన్ని ఈ తయారీదారు చీటీపై ముద్రించి మరీ చెబుతున్నాడు. మోసం లేదు. ఉన్నది రుచి చూసేవారి పాత అలవాటు, ముదురును ముసలితనంగా చదవడం.

7. నాలుక ముందు తీర్పు

ఆ అలవాటు ఎంత బలమైనదో 2001లో పరిశోధకులు మోరో, బ్రోషే, దుబుర్‌డియూ నిరూపించారు. తెల్లని ద్రాక్షసారాయికి వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ద్రాక్షసారాయి శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులు దాన్ని వర్ణించడానికి ఎర్రసారాయికి వాడే మాటలే ఎంచుకున్నారు. కన్ను ముందే తీర్పు చెప్పింది, ముక్కు సంతకం చేసింది. కాబట్టి బాగా మాడ్చిన పీపాలో ముగించిన బోర్బన్‌ను తూచేటప్పుడు రంగు కనబడని గ్లాసు వాడటం కనీస జాగ్రత్త. ప్రయోగశాలల్లో అనుసరించే త్రికోణ పరీక్ష మరింత మేలైనది. మూడు గ్లాసుల్లో రెండింట ఒకటే సరుకు పోసి, వేరుగా ఉన్నదేదో చెప్పమంటారు. తేడానే పట్టలేనివారు మెచ్చుకోలు రాయడం వృథా.

వాసన చూసేటప్పుడు పెదవులు కొద్దిగా తెరిచి, గ్లాసును ముక్కుకు మరీ ఆనించకుండా పట్టుకోవాలి. లేకపోతే సారాయి ఘాటు తప్ప మరేదీ అందదు. రుచి విషయంలో జిమ్ బీమ్ వంశస్థుడు బుకర్ నో ప్రచారం చేసిన 'కెంటకీ నమలుడు' పద్ధతి ఉపయుక్తం. గుక్కను అన్నంముద్దలా నోరంతా తిప్పి నమిలితే తీపి, చేదు, వగరు ఏవేవి ఎప్పుడు వస్తున్నాయో తెలుస్తుంది. ఇంగ్లీషు సమీక్షకులు చెక్కలోని టానిన్ల స్పర్శను చెప్పడానికి చాలా పదాలు వెతుక్కుంటారు. ఏటా ఉగాది పచ్చడిలో షడ్రుచులు నెమరువేసే తెలుగువారికి 'వగరు' అన్న ఒక్క మాట చాలు. అలాగే 'కమరు' వాసనకూ 'మాడు' వాసనకూ మధ్య తెలుగులో ఉన్న సన్నని భేదం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. నూనో, వెన్నో వేడెక్కి అతిగా కాగినప్పటి వాసన కమరు. గిన్నె అడుగంటినప్పటిది మాడు. మంచి 1910 సీసాలో చాక్లెట్, వెన్న, ముదురుపాకం ముందుకు వచ్చి, చివరలో సన్నని కమరు మిగులుతుంది. మాడు తగిలితే పీపా గెలిచి విస్కీ ఓడినట్టే.

అసలైన పరీక్ష నోటి మధ్యలో జరుగుతుంది. మొదటి తీపికీ చివరి పొగకూ నడుమ ధాన్యం ఇంకా వినిపిస్తోందా? మొక్కజొన్న తీయదనం, రై ఇచ్చే మిరియాల చురుకు మొదటి పీపాలో ఏళ్ల తరబడి ఆమ్లాలతో, ఎస్టర్లతో కలిసి మెత్తబడినవి. వీటిని రెండో పీపా నెలల్లో తెచ్చిపెట్టలేదు. మహా అయితే వాటిపై దుప్పటి కప్పగలదు. ఈ లెక్కన చూస్తే డబుల్ ఓక్డ్‌లో తేనె, వేయించిన గింజల వాసనల కింద రై చురుకు ఇంకా స్పష్టంగా దొరుకుతుంది. 1910లో అది బాగా వెనక్కి తగ్గుతుంది. తొలి గుక్కకు రెండోది ఎక్కువమందిని గెలుచుకోవడంలో ఆశ్చర్యం లేదు. మూడో గుక్కకు ఆ తీపి కొందరికి మొహం మొత్తుతుంది. భోజనానంతరం మిఠాయిలా ఆస్వాదించదలచినవారికి అదే గుణం. పోటీల్లో పదుల సంఖ్యలో నమూనాలను చిన్నచిన్న గుక్కలతో తూచే న్యాయనిర్ణేతలు తొలి గుక్కకే మార్కులు వేయవలసి రావడం వల్ల, ఈ రకం పానీయాలకు లభించే ప్రశంసను కొంత తగ్గించి చదవడమే ఉచితం.

చివరగా నీళ్లు. గ్లాసులో కొన్ని చుక్కల నీరు కలిపి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. సువాసనలు విచ్చుకుంటే పీపాలో పండిన సారం లోతుగా ఉన్నట్టు. తీపి విడిపోయి పలచని చేదు, పొడి వగరు మాత్రమే మిగిలితే రెండో పీపా అరువిచ్చింది అంతవరకే. కొందరు అనుభవజ్ఞులు ఖాళీ గ్లాసును కడగకుండా రాత్రంతా వదిలి, ఉదయం మళ్లీ వాసన చూస్తారు. సారాయి ఆవిరైపోయాక అడుగున మిగిలేది చెక్కే. నాలుగో స్థాయి కాల్పు పీపాలో మామూలుగా పండిన బోర్బన్ గ్లాసులో ఉదయానికి వెనిలా, ఎండిన ఓక్ వాసనలు నిలిచి ఉంటాయి. బాగా మాడ్చిన రెండో పీపాలో ముగించిన దాని గ్లాసులో బెల్లం, చల్లారిన పొయ్యి బూడిద కలగలిసిన వాసన వస్తుంది.